యువ వర్ణపట పరిశోధకులను గుర్తించాలి
పదార్థాలు వెలువరించే, పీల్చుకునే కాంతిని బట్టి వాటిలోని మూలకాలను గుర్తించే పరమాణు వర్ణపటశాస్త్రంలో కొత్తగా అడుగుపెట్టిన పరిశోధకులకు తగిన గుర్తింపు దక్కడం లేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ వేళ గుంటూరులో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ సౌర వర్ణపటాన్ని పరిశీలించిన ఘన చరిత్ర తెలుగు నేలకు ఉన్నా, తిరుపతి సదస్సుల్లో నేను చూసినంతవరకు సన్మానాలు పదవీ విరమణకు చేరువైన ఆచార్యులకే అందుతుండగా, నీటిలో సీసం, ఆర్సెనిక్ పాళ్లను పరమాణు శోషణ పద్ధతిలో లెక్కగట్టే యువతీయువకులు తమ పోస్టర్ల పక్కన నిలబడి వెళ్లిపోతున్నారు. 45 ఏళ్లలోపు శాస్త్రవేత్తలకిచ్చే భట్నాగర్ పురస్కారానికి పోటీ దేశవ్యాప్తం. పీహెచ్‌డీ ముగించిన కొత్తలో అది అందని పండే. అందువల్ల శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని ఐఐటీ, ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) కలిసి, పీహెచ్‌డీ పొంది అయిదేళ్లు దాటని వారికి ఏటా జాతీయ విజ్ఞాన దినోత్సవమైన ఫిబ్రవరి 28న ఒక పురస్కారం ఇవ్వాలి. అందులో శాలువాకు బదులు (అది బీరువాకే పనికొస్తుంది) పరికరాలపై పని గంటలు, వాటికి వాడే ఆర్గాన్ వాయువు ఖర్చు, సదస్సులకు ప్రయాణ వ్యయం ఉండాలి.
– ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి