పాపభక్షకుల కథనంలో తప్పులు
శవం మీదుగా తిండి అందుకుని మృతుడి పాపాలను నెత్తిన వేసుకునే ‘పాపభక్షకులు’ యూరప్ అంతటా ఉండేవారన్న మీ ఆదివారం కథనం సరికాదు. దొరికే ఆధారాల్లో చాలా భాగం వేల్స్, దాని సరిహద్దు ఇంగ్లిష్ జిల్లాలవే. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ పాత ఆచారాలను సేకరించిన రచయిత జాన్ ఆబ్రీ ఆ సరిహద్దు జిల్లాల్లో ఒకటైన హెర్‌ఫర్డ్‌షైర్ పద్ధతిని రాసిపెట్టాడు: శవాన్ని బయటికి తెచ్చి పాడె మీద పెట్టాక ఒక రొట్టె, మేపుల్ కొయ్య గిన్నె నిండా బీరు, ఆరు పెన్నీలు శవం మీదుగా పాపభక్షకుడికి ఇచ్చేవారు, అతడు రొట్టె తినాలి, బీరు తాగాలి. ఛాతీ మీద ఉప్పు పళ్లెం, దానిపై రొట్టె అన్నది 1852లో మాథ్యూ మోగ్రిడ్జ్ అనే ఆయన ఒక సభలో చెప్పిన సంగతి. తర్వాత దాన్ని వేల్స్ పండితులే తప్పుపట్టారు. మీరు రెండింటినీ కలిపి ఒకే తంతుగా వండారు. ఈ ఆచారం పుట్టుక గురించి మీరు చెప్పిందీ అంతే. ఆబ్రీకి బైబిల్‌లోని పాపాల మేక (జనం పాపాలను మోపి అరణ్యంలోకి తోలిన మేక) గుర్తొచ్చింది, అది రుజువు కాదు. మన ఏకోద్దిష్ట భోక్తతో (చనిపోయిన ఒక్కరి పేరున పెట్టే శ్రాద్ధంలో భోజనం చేసే ఆయనతో) పోలిక మరీ అన్యాయం. ఆయన తినేది ప్రేతకు ప్రతినిధిగా. ఇక చివరివాడిగా చెప్పే రిచర్డ్ మన్‌స్లో (మరణం 1906, ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్) కూటికి లేనివాడేం కాదు, స్థితిపరుడైన రైతు. ఇకపై ఇలాంటి కథనాల్లో ప్రతి వివరానికీ ఊరు, సంవత్సరం, చెప్పినవారి పేరు వేయండి; బొమ్మ ఊహాచిత్రమైతే కింద ఆ మాట రాయండి.