అమ్మ పుస్తకాల్లో ఇక రెడీమేడ్ మ్యాటర్ వేయం

అందరికీ నమస్కారం. ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లు ముందు అడిగేది "పుస్తకం ఎప్పుడిస్తారు" అనే కాబట్టి అదే ముందు చెప్పేస్తాను. ఇకమీదట ఇప్పటికంటే ఆలస్యమవుతుంది. రేటు కూడా కొంత పెరుగుతుంది. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు మాత్రం పాత రేటే. ఎందుకిలా అన్నది కాస్త వివరంగా రాస్తున్నాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక మాట. మాది చిన్న యూనిట్. చనిపోయిన అమ్మ గురించో, అమ్మమ్మ గురించో, నానమ్మ గురించో ఇంటిల్లిపాదీ దాచుకునే పుస్తకాలు చేస్తాం. పాత ఫొటోలు స్కాన్ చేసి, బాగుచేసి, ఆవిడ జీవితం గురించి కొన్ని పేజీలు రాసి, బైండ్ చేసి ఇస్తాం. మిగతా పనంతా ఒక ఎత్తు, ఆ కొన్ని పేజీలు ఒక ఎత్తు.

ఈ మధ్య ఆ పేజీలకు మ్యాటర్ తయారుగా వచ్చేస్తోంది. ఇంకెవరి అమ్మ గురించో రాసింది దొరికితే పేరు మార్చి పంపుతున్నారు. లేదంటే ఏఐతో రాయించి పంపుతున్నారు. "ప్రేమమూర్తి, త్యాగశీలి, కుటుంబమే లోకంగా బతికిన మహాతల్లి." వంక పెట్టడానికి ఏమీ ఉండదు. కానీ ఆ పేజీ చించి వేరే ఇంటి పుస్తకంలో అతికిస్తే అక్కడా అతికినట్టు సరిపోతుంది. నా బాధంతా అదే. దుఃఖంలో ఉన్నవాళ్లకు మాటలు రావు, ఏవి దొరికితే అవి పంపేస్తారు. వాళ్లను నేనేమీ అనడం లేదు. వ్యాపారంగా చూస్తే మాకూ అదే సుఖం, రాసే పని తప్పుతుంది. అయినా అలాంటి మ్యాటర్‌ను ఉన్నదున్నట్టు అచ్చు వేయకూడదని నిర్ణయించుకున్నాం.

మదర్స్ డే కథ ఇక్కడ చెప్పాలి. అమెరికాలో ఆనా జార్విస్ అనే ఆవిడ తల్లి 1905లో చనిపోయారు. ఆ తల్లి గుర్తుగానే 1908 మేలో మొదటి మదర్స్ డే కార్యక్రమం జరిగింది. 1914లో దేశమంతటికీ అధికారికమైంది. ఆ తర్వాత అది పూలు, మిఠాయిలు, అచ్చేసిన గ్రీటింగ్ కార్డుల వ్యాపారంగా మారిపోతుంటే చూడలేక, తాను తెచ్చిన రోజు మీద తానే యుద్ధం ప్రకటించారు జార్విస్. తల్లికి సొంతంగా నాలుగు ముక్కలు రాసే ఓపిక లేక కొన్న కార్డు పంపడం ఏమిటన్నది ఆవిడ కోపం. అమ్మ జ్ఞాపకాల మీదే బతుకుతున్న నాలాంటి వ్యాపారికి ఈ కథ కాస్త గుచ్చుకుంటుంది. అయినా ఆవిడ కోపంలో న్యాయం ఉంది.

"మరి ఏం రాయమంటారు? మా అమ్మ మామూలు మనిషండీ, మా కోసమే బతికింది." ఫోన్‌లో మేం ఎక్కువగా వినే మాట ఇది. అసలు చిక్కేమిటంటే, పిల్లలకు అమ్మ కథ తాము పుట్టాకే మొదలవుతుంది. అంతకుముందు ఆవిడ ఎవరికో చెల్లెలు, ఎవరికో స్నేహితురాలు, ఏదో అవుదామనుకున్న అమ్మాయి. పెద్దవాళ్లను తమ జీవితం గురించి చెప్పమంటే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని జ్ఞాపకశక్తి మీద పరిశోధనలు చేసేవాళ్లు చాలాసార్లు గమనించారు. అంటే ఆవిడకు బాగా గుర్తున్న కాలంలో చాలా భాగం పిల్లలకు అసలు తెలియదు. అందుకే ఇకనుంచి మేం మొదటి ఫోన్ కొడుకులకో కూతుళ్లకో చేయం. ఆవిడ తోడబుట్టినవాళ్లు, చిన్ననాటి స్నేహితురాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లకే చేస్తాం. ఆ నంబర్లు మీరు వెతికి ఇవ్వాలి. ఆలస్యానికి పెద్ద కారణం ఇదే.

అడిగేవి పెద్ద ప్రశ్నలేం కావు. చదువు ఎక్కడ ఆగింది, ఎవరు ఆపారు? తన చేతికి వచ్చిన మొదటి సంపాదనతో ఏం కొనుక్కుంది? ఇంట్లో అందరూ పడుకున్నాక ఏం చేసేది? దేనికి పడీపడీ నవ్వేది? ఎవరితో మాటలు మానేసింది, మళ్లీ ఎప్పుడు కలిపింది? "త్యాగం" అని మీరు రాస్తే, ఏం వదులుకుందో కూడా చెప్పమంటాం. ఉద్యోగమా, పాటా, తన పేరున ఉన్న ఆస్తా? ఆ వదులుకున్నదాని పేరు పుస్తకంలో ఉండాలి. అదేమిటో తెలియకపోతే ఆ మాట తీసేస్తాం.

మనవల మాటలు వింటే ఇంకో తమాషా. "హోంవర్క్ అవ్వకపోతే ఆటకు పంపేది కాదు" అని కొడుకు అంటాడు. "నా హోంవర్క్ నానమ్మే రాసిపెట్టేది" అని మనవరాలు. కొడుకు గొంతులో ఎక్కడో చిన్న ఉక్రోషం. "అదెలా కుదురుతుంది, ఏదో ఒకటే వేయండి" అంటారు. కాదు, రెండూ వేస్తాం, ఎదురెదురు పేజీల్లో. పిల్లల్ని పెంచేటప్పుడు తీరిక లేక, భయం ఎక్కువై బిగుసుకున్న మనిషి, మనవల దగ్గరికొచ్చేసరికి వదులయ్యుంటుంది. ఆ మార్పు చెప్పకపోతే ఇన్నేళ్ల జీవితం చెప్పినట్టే కాదు.

అమ్మమ్మ, నానమ్మ అనగానే ఒడి, కథలు, ముద్దులు అంతే రాస్తారు. వాళ్లు చేసిన చాకిరీ రాయరు. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వి బతికే హడ్జా ప్రజల దగ్గర క్రిస్టెన్ హాక్స్, ఆమెతో పనిచేసిన పరిశోధకులు చేసిన అధ్యయనం ఒకటుంది. తల్లి ఇంకో బిడ్డను ఎత్తుకున్నాక, పాలు మానిన పెద్ద బిడ్డ కడుపు నింపడంలో అమ్మమ్మల కష్టం చాలా ఉందని వాళ్లు గమనించారు. కాన్పులు ఆగిపోయాక కూడా ఆడవాళ్లు అన్నేళ్లు బతకడానికి ఇదొక కారణం కావచ్చని 1998లో ప్రతిపాదించారు. దాని మీద వాదనలు ఇంకా ఉన్నాయి, అది వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. మా పనికి కావాల్సింది మాత్రం తేలిపోయింది. అందుకే కూతుళ్లను, కోడళ్లను ఇకనుంచి సూటిగా అడుగుతాం: ఆవిడ పిల్లల్ని చూసుకోబట్టి మీరేం చేయగలిగారు? ఆ ఉద్యోగం, ఆ చదువు, ఆ రాత్రి నిద్ర అన్నీ ఆవిడ లెక్కలోనే రాస్తాం.

కోపాలు, పంతాలు, ఒక బిడ్డ మీద కాస్త ఎక్కువ ప్రేమ... ఇవి రాయాలా వద్దా? ఇంట్లో ఒకరు వద్దంటే రాయం. ఈ విషయంలో మా పట్టుదల ఏమీ లేదు. కానీ అందరూ సరేనంటే రాయించుకోండి. పంతం లేని మనిషిని ఆవిడ చెల్లెలు గుర్తుపట్టదు.

ఫొటోల సంగతి త్వరగా చెప్పేస్తాను. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్నవాటిని గట్టిగా పీకొద్దు, ఆల్బమ్‌తోనే తెండి. ఫొటో వెనక బాల్ పెన్నుతో రాయొద్దు, ముందువైపు గాడి పడుతుంది, ఇంకు కూడా పాకుతుంది. మెత్తటి పెన్సిల్ వాడండి. చిన్న ప్రింట్లను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో స్కాన్ చేస్తాం. నలుపు తెలుపు ఫొటోలకు రంగులు వేయమంటే వేస్తాం, కానీ ఆ రంగు సాఫ్ట్‌వేర్ ఊహ మాత్రమే. అందుకని పక్కనే అసలు ఫొటో కూడా ఉంటుంది. ఆ ఫొటోతో మాట్లాడించమని, ఆవిడ గొంతుతో మనవడికి శుభాకాంక్షలు చెప్పించమని అడుగుతున్నారు. అది మాత్రం చేయం. ఆవిడ అనని మాట ఆవిడ నోట పెట్టడానికి మాకు మనసు రావడం లేదు. వేరేచోట చేస్తారేమో, మీ ఇష్టం.

అసలు గొంతు మీ ఫోన్లలోనే ఉండి ఉంటుంది. వాట్సాప్‌లో ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లు వెతకండి. బ్యాకప్ లేకుండా ఫోన్ మారిస్తే పోతాయి. "చేరావా? ఫోన్ చెయ్యి" అన్న ముక్క అయినా సరే, విడిగా కాపీ చేసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. పుస్తకం వెనక క్యూఆర్ కోడ్ పెట్టి వినిపించే ఏర్పాటు చేస్తాం, దానికి అదనంగా ఏమీ తీసుకోం.

ఇంకొకటి. బతికున్న అమ్మల పుస్తకాలు కూడా మొదలుపెడుతున్నాం. పెద్దవాళ్లు గతాన్ని తవ్వుకుంటూ కూర్చోవడం చాదస్తం కాదని, జీవితాన్ని సరిచూసుకునే సహజమైన పని అని రాబర్ట్ బట్లర్ అనే మానసిక వైద్యుడు 1963లోనే రాశారు. మేం వచ్చి పక్కన కూర్చుని వింటాం, రికార్డు చేస్తాం. ఒక పూట చాలదు, ఆవిడ అలసిపోతే లేచి వచ్చేస్తాం. ఇందులో ఒకటే షరతు: ఆవిడ చెప్పేటప్పుడు పిల్లలు పక్కన కూర్చుని "అలా కాదమ్మా" అని దిద్దకూడదు.

మ్యాటర్ ఇప్పటికే పంపినవాళ్లకు ఈ వారంలో మేమే ఫోన్ చేస్తాం. మీరు పంపినదే వేయమంటే మొహమాటం లేకుండా చెప్పండి, అడ్వాన్స్ పూర్తిగా తిరిగి ఇచ్చేస్తాం. స్కాన్ చేసిన ఫొటోలు కూడా మీవే, పెన్‌డ్రైవ్‌లో వేసి పంపిస్తాం.