థర్మాస్ ఫ్లాస్కు అన్నకు

పాకాల దగ్గర మా ఇల్లు ఊరి చివర, వెనక తలుపు తీస్తే శెనక్కాయ చేనే. పొద్దున గంప ఎత్తగానే కోళ్లు అందులో పడి గెలికేవి, దానికి పక్క చేనాయనతో మా అవ్వకు రోజూ గొడవ. (తప్పు మా కోళ్లదే, ఇప్పుడు ఒప్పుకుంటున్నా.)

ఒక ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చింది. ముందురోజు బాగున్న పెట్ట తెల్లారేసరికి మెడ తిప్పుకుని, పచ్చగా పారుకుంటూ మూల కూర్చునేది. నాలుగు చచ్చాయి. అవ్వ గుంత తవ్వుతుంటే టీవీయస్ మీద పోతున్న ఒక అన్న నీళ్లకని ఆగి, చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి థర్మాస్ ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య లసోటా మందు (ఆ తెగులు రాకుండా ముందే వేసే టీకా) సీసా పెట్టుకుని మళ్లీ వచ్చాడు! జబ్బు తగిలినవాటికి ఇది పని చెయ్యదవ్వా, బాగున్నవాటిని ముందు వేరే గంపలో వెయ్యి అన్నాడు. పెట్ట 21 రోజులు పొదిగిన పిల్లలు, లేచి వారమే అయింది, ఒక్కొక్కదాన్నే నేను అరచేతిలో పట్టుకుంటే ఆయన కంట్లో ఒక్క చుక్క వేసి, అది రెప్ప ఆర్పేదాకా ఆగి, తర్వాతది అడిగేవాడు. పదకొండింటిలో తొమ్మిది బతికాయి.

డబ్బిస్తే తీసుకోలేదు, మజ్జిగ మాత్రం రెండు చెంబులు తాగాడు. ఆ టెన్షన్‌లో పేరు కూడా అడగలేదు మేము. అన్నా, నువ్వెక్కడున్నా థాంక్స్. ఆ పిల్లల్లో ఒక మచ్చల పెట్ట మా ఇంట్లో చాన్నాళ్లు ఉంది, దాని గుడ్లమ్మిన డబ్బుతోనే అవ్వ నా టెన్త్ పరీక్ష ఫీజు కట్టింది.