మొన విరిగిన చాకు

ఒరేయ్ శీనూ,

ఉత్తరం మొత్తం చదివాకే తిడతానని ముందు ఒట్టెయ్యి. నువ్వు జర్మనీ వెళ్తూ వెళ్తూ నా చేతిలో పెట్టిన ఎర్ర విక్టోరినాక్స్ చాకు, అదే రకరకాల పనిముట్లు మడిచిపెట్టుకునే స్విస్ చాకు ఉందే, దాని మొన విరగ్గొట్టాను. పోయింది 3 మిల్లీమీటర్లేలే, కానీ చూడటానికి ముందు పన్ను ఊడిన మొహంలా తయారైంది.

గేటుకి రంగు వేద్దామని డబ్బా మూత తీయబోయాను. పెద్ద బ్లేడు మొనని సందులో దూర్చి పక్కకి మెలిపెట్టేసరికి టక్‌మంది. సీసా మూత తీసే బ్లేడు కొసకి చదునుగా, మందంగా స్క్రూడ్రైవర్ ఉంటుంది కదా, దాంతో తీస్తే అయిపోయేది. 1891లో స్విస్ సైనికుల చేతికొచ్చిన చాకులోనే తుపాకీ విప్పుకోవడానికి స్క్రూడ్రైవర్ పెట్టారట. 130 ఏళ్ల కిందటి సిపాయికున్న బుద్ధి నాకు లేదని మా ఆవిడ ఇప్పటికే తేల్చేసింది, నువ్వు మళ్లీ చెప్పక్కర్లేదు.

మొదట వీధిలో సానపట్టే అతనికి ఇద్దామనుకున్నాను. కానీ ఆమధ్య అమ్మ కూరగాయల చాకుని మార్కెట్ దగ్గర కరెంటు సాన మీద పట్టిస్తే నిప్పురవ్వలు భలే ఎగిరాయిగానీ అంచు నీలంగా తిరిగిపోయింది, ఆ తర్వాత టమాటా తొక్క కూడా తెగితే ఒట్టు. పల్చటి ఉక్కు అంత వేడెక్కితే దానిలో గట్టిదనం పోతుంది, ఎన్నిసార్లు నూరినా పదును నిలవదు. అందుకని ఆలస్యమైనా చేత్తోనే, నీళ్లు పోసుకుంటూ చేద్దామని కూర్చున్నాను.

ఇక్కడే అసలు కిటుకు ఉందిరా. మనం ఏమనుకుంటాం, పదునున్న వైపు పైకి నూరితే కొత్త మొన వస్తుందనుకుంటాం. నేనూ అలాగే మొదలుపెట్టబోయి, రాయి మీద పెట్టేముందు ఎందుకో ఒకసారి మడిచి చూశాను, బతికిపోయాను. మడిచినప్పుడు పదును పిడి లోపలికి, వీపు బయటికి ఉంటాయి కదా. పదును వైపు అరగదీస్తే మొన వీపు దాకా పైకొచ్చి, మూసినా పిడిలోంచి పొడుచుకొని ఉంటుంది, జేబులో వేసుకుంటే తొడ సంగతి ఆలోచించు! అదే వీపు వైపు అరగదీస్తే మొన కిందికి, పదును దగ్గరికి దిగి పిడిలో ఇంకా లోతుగా దాక్కుంటుంది. పైగా ఉన్న పదునుకి ఏ నష్టమూ లేదు.

విరిగినచోటి నుంచి వీపు దాకా మార్కరుతో ఒక వంపు గీశాను, పదునుకి కరెంటు టేపు రెండు చుట్లు చుట్టాను. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల సానరాయి ఉంటుందే, దాని గరుకు వైపు తడుపుకుంటూ వీపుని ఊయలలా ఊపుతూ రుద్దడమే. రాయి నడుమ రుద్దితే గాడి పడుతుంది, తర్వాత దానిమీద ఇంకేదీ సాపుగా సాగదు, అందుకని పక్క అంచు మీద రుద్దు (ఇది గాడి పడ్డాక తెలిసింది, అమ్మ రాయి అది, ఆ తిట్లు వేరే ఉత్తరంలో). రెండు సాయంత్రాలు పట్టింది. గీతలు పోవడానికి 220, 400, 600 నంబర్ల ఎమరీ కాగితాలు వరసగా, చెక్కముక్కకి చుట్టి రుద్దాను.

అయిపోయిందనుకున్నాను, కానీ కొత్త మొన మొద్దుగా ఉంది. వెనక్కి జరిగాం కదా, అక్కడ బ్లేడు మందం ఎక్కువ. టేపు తీసేసి చివరి సెంటీమీటరు మేర రెండు వైపులా మళ్లీ సాన పట్టాలి, రాయికి సుమారు 20 డిగ్రీల వాలులో. వాలు సరిగ్గా ఉందో లేదో తెలియకపోతే అంచుకి మార్కరు పూసి రెండుసార్లు రుద్ది చూడు, సిరా ఎక్కడ చెరిగిందో రాయి అక్కడే తగులుతోందన్నమాట. ఆఖర్న పాత తోలు బెల్టు మీద వెనక్కి వెనక్కి లాగాను. ఇప్పుడు న్యూస్‌పేపరు సర్రున తెగుతోంది.

కీలులోకి రాతిపొడి పోయి కరకరమంటుంటే గోరువెచ్చని నీళ్లలో తెరుస్తూ మూస్తూ పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాను. నాన్న కొబ్బరినూనె వెయ్యమన్నారు గానీ అది జిడ్డు కట్టుకుంటుందని వినిపించుకోలేదు.

బ్లేడు కాస్త పొట్టిదైంది, తెలియనివాడికి చూపిస్తే అసలు అలాగే ఉంటుందనుకుంటాడు. నీకు తెలుసు కాబట్టి చెప్పాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. పిడి చివర తెల్లటి పళ్లపుల్ల ఉండేది చూడు, అది కూడా పోయింది. అక్కడ విడిగా అమ్ముతారట, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒకటి పట్రా. పోనీ రెండు పట్రారా.

నీ
రాజు