ముందు చర్మం, తర్వాతే బొచ్చు

అమ్మడూ,

కుక్క బొచ్చు ఉండలు కట్టిందనీ, దువ్వెన చూస్తేనే గుర్రుమంటోందనీ, చంకల్లో ఎర్రగా కందిందనీ, అది షాంపూ వల్లేమోననీ రాశావు. గుర్రుమనడం పొగరు కాదే, నొప్పి. అది అడుగు వేసినప్పుడల్లా ఆ ఉండ చర్మాన్ని లాగుతూనే ఉంటుంది. అందుకని కోప్పడకు. బొచ్చు అందంగా మిగలాలన్న ఆశ కూడా వదిలెయ్. బొచ్చు మళ్లీ పెరుగుతుంది, చర్మం తెగితే కుట్లు పడతాయి.

కత్తెర జోలికి అసలు పోకు. ఉండను పట్టి పైకి ఎత్తితే దాంతోపాటు పల్చటి చర్మం కూడా లేచి వస్తుంది. వెంట్రుకలే అనుకుని దాన్ని కోసేస్తాం. చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ముందుగా స్నానమూ వద్దు. తడిసి ఆరిన ఉండ ఇంకా బిగుసుకుంటుంది, అడుగున చెమ్మ నిలిచి చర్మం చివుకుతుంది. ఉండ చిన్నదైతే పొడిగా ఉన్నప్పుడే చిక్కు తీయి. చర్మానికీ ఉండకీ మధ్య వెంట్రుకల మొదళ్లు రెండు వేళ్లతో గట్టిగా పట్టుకో, అప్పుడు లాగుడు చర్మం దాకా పోదు. కుక్కల కోసం అమ్మే చిక్కు తీసే స్ప్రే కాస్త కొట్టి, కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా లోపలికి రా. సన్నటి వంపు తీగలుండే స్లికర్ బ్రష్‌తో పైపైన దువ్వితే చూడ్డానికి మెత్తగానే ఉంటుంది, అడుగున మాత్రం అట్ట అలాగే ఉండిపోతుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. స్టీలు దువ్వెన చర్మం దాకా దిగి, ఎక్కడా తట్టుకోకుండా బయటికి వస్తేనే పని అయినట్టు. పది నిమిషాలు చేసి ఆపు, మిగతాది రేపు.

దువ్వెనే దిగనంత అట్టకట్టిన చోట క్లిప్పర్, అంటే కుక్కల బొచ్చు తీసే కరెంటు మిషను, ఒక్కటే దారి. 10వ నంబరు బ్లేడు వాడు, పైన గార్డు (బ్లేడు మీద తొడిగే ప్లాస్టిక్ దువ్వెన) తొడగకు, అది అట్ట కిందికి దూరదు. ఒక చేత్తో చర్మం ముడత పడకుండా సాగదీసి పట్టి, బ్లేడును పొడవకుండా చర్మం మీద బల్లపరుపుగా నడిపించు. రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడును నీ మణికట్టు లోపలివైపు ఆనించి చూడు. చురుక్కుమంటే ఆపి చల్లారనివ్వు. వేడికి కందిన సంగతి వెంటనే తెలియదు, కొన్ని గంటలకు గోకడం మొదలవుతుంది. చెవుల మీది అట్ట తీశాక కుక్క తల తెగ విదిలిస్తుంది, ఆ విదిలింపుకే చెవిలో రక్తం చేరి ఉబ్బుతుంది. కొన్ని గంటలు మెత్తటి గుడ్డ వదులుగా చుట్టి చెవులను తలకు ఆనించి ఉంచు. కరుస్తుందనిపిస్తే మూతికి తొడిగే బుట్ట మజిల్ వేయి. గుడ్డతో మూతి కట్టేస్తే అది నోరు తెరిచి వగర్చలేదు, ఒళ్లు వేడెక్కిపోతుంది.

ఇక కందిన చోటు. చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ ఐదు నుంచి పది నిమిషాలు పెట్టు, రోజుకు మూడు నాలుగు సార్లు. తర్వాత రుద్దకుండా అద్ది ఆరబెట్టు. మెడకు కోన్ (నాకకుండా తల చుట్టూ కట్టే గరాటు లాంటి పట్టీ) తప్పనిసరి, ఎందుకంటే చిన్న మంటను పుండు చేసేది నాకుడే. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, టీ ట్రీ నూనె, మనం పూసుకునే క్రీములు ఏవీ వద్దు. జింకు ఉన్న క్రీము అయితే నాకి కడుపులోకి పోతే విషమే. డాక్టరు క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ రాసిస్తే, నురగ పది నిమిషాలు ఒంటిమీద నిలవాలి. వెంటనే కడిగేస్తే పని చేయదు.

ఒక పరీక్ష చేసి చూడు. నడుము మీద దువ్వగా రాలిన నల్ల నలుసులను తడి తెల్లకాగితం మీద వేయి. చుట్టూ ఎర్రటి మరక పాకితే అవి ఫ్లీ పురుగుల రెట్టలు. అప్పుడు తప్పు షాంపూది కాదు, కుక్కలకు వాడే ఫ్లీ మందు పడాలి.

రసి కారుతూ గంటగంటకీ పెరిగే పుండు, చెడు వాసన, గుండ్రంగా బొచ్చు ఊడటం, చెవి అంచులూ మోచేతులూ విపరీతంగా గోకడం, దాంతో నీకూ దురద పట్టడం, వీటిలో ఏది కనబడినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. మొహం ఉబ్బితే క్షణం కూడా ఆగకు. ఒళ్లంతా అట్టకట్టిన కుక్కకు అక్కడే మత్తిచ్చి బొచ్చు తీయిస్తారు. మన నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు మాత్రం దానికి ఇవ్వకు. మామూలు దురదకి వెళ్లేటప్పుడు ముందు రోజు స్నానం చేయించకు, ఏమీ పూయకు. చర్మం మీద కనబడాల్సిన బ్యాక్టీరియా, ఈస్టు కడుక్కుపోతాయి. ఇప్పుడు వాడుతున్న షాంపూ సీసా కూడా పట్టుకెళ్లు, అందులో ఏముందో ఆయనే చూస్తాడు.

అమ్మ