ఆ ఫొటోలో సీటు అటు తిరిగి ఉండాలండీ

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం పిల్లల కార్ సీట్ల మీద మీరు వేసిన ఆర్టికల్ చదివాను, మంచి టాపిక్ తీసుకున్నారు, కానీ పక్కన ఉన్న ఫొటో చూడగానే గతుక్కుమన్నాను. ఆ పాపకి ఏడాది కూడా నిండి ఉండదు, సీటు ముందుకి తిప్పేసి ఉంది, ఒంటి మీద దళసరి స్వెట్టరు, బెల్టులేమో భుజాల మీంచి జారిపోతున్నాయి. చిన్నపిల్లల సీటు కారు వెనక వైపుకి తిరిగి ఉండాలని లోపల రాసింది కరెక్టే, కానీ జనం ఫొటో చూసి పేజీ తిప్పేస్తారు కదా.

నేను ఎక్స్‌పర్ట్‌ని కాదు, ఇదే తప్పు నేనూ చేశాను. మావాడికి ఏడాది నిండిన వారానికే సీటు తిప్పేశా. ఎందుకంటే కాళ్ళు. వెనక్కి తిరిగి కూర్చుంటే పాదాలు కారు సీటుకి ఆనుకుని, మోకాళ్ళు మడిచి కప్పలా ఉండేవాడు, పాపం ఇరుకైపోతోందని ఇంట్లో ఒకటే గోల. చెకప్‌కి వెళ్ళినప్పుడు మాటల్లో చెప్తే పిల్లల డాక్టరుగారు "కాళ్ళ గురించి ఆలోచించారు సరే, మెడ సంగతేంటమ్మా" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. నిజానికి పిల్లలకి అలా మడిచి కూర్చోడం ఇబ్బందే కాదు, వాడు ఇంట్లో కూడా అలాగే కూర్చునేవాడు!

పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. అంత తల కింద మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, ముక్కల మధ్య మెత్తటి మృదులాస్థి ఉంటుంది, అదంతా ఎముకగా మారడానికి ఏళ్ళు పడుతుంది. ముందుకి తిరిగి ఉన్నప్పుడు ఎదురుగా గుద్దితే ఒళ్ళు బెల్టు దగ్గర ఆగిపోతుంది కానీ తల ఆగదు, ఆ లాగుడంతా మెడే పడాలి, ఎముకల వరుస కాస్త సాగినా లోపలున్న వెన్నుపాము అంత సాగదు. అదే వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటులోకే ఒత్తుకుంటాయి, దెబ్బ వీపంతా పరుచుకుంటుంది. మరి వెనక నుంచి ఎవడైనా గుద్దితే అంటారు, గుద్దొచ్చు, కానీ చాలావరకు రెండు బళ్ళూ ఒకే వైపు వెళ్తుంటాయి కాబట్టి ఎదురుగా గుద్దినంత జోరు ఉండదు.

ఇంక ఒళ్ళో పట్టుకుంటాం అనేవాళ్ళకి ఒక లెక్క. గంటకి 50 కిలోమీటర్ల స్పీడులో గుద్దుకోవడమంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి, కింద పడ్డంత వేగం. ఏ చేతులు ఆపుతాయి?

ఇదేం కొత్త విషయం కాదు. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసర్, రాకెట్‌లో ఆస్ట్రోనాట్లు వీపు మీద ఆనుకుని పడుకునే తీరు చూసి 1960ల్లోనే ఇలాంటి సీటు తయారుచేశారు, అక్కడ నాలుగేళ్ళ దాకా పిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం మామూలే. యూరప్‌లో ఐ-సైజ్ అనే కార్ సీట్ల రూల్ ప్రకారం 15 నెలలు దాటేదాకా తిప్పకూడదు.

మీ ఆర్టికల్లో ఒక్కటి మాత్రం సరిచేయాలి. వెనక్కి తిరిగిన సీటు "ఐదు రెట్లు సేఫ్" అని రాశారు, అది 2007లో వచ్చిన ఒక అమెరికన్ స్టడీలో మాట, లెక్కల్లో తేడా ఉందని తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2011లో రెండేళ్ళ దాకా వెనక్కి ఉంచమని చెప్పిన అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం కూడా 2018లో వయసు తీసేసి, సీటు మీద రాసిన బరువు, ఎత్తు లిమిట్ వచ్చేదాకా వెనక్కే ఉంచమంది. నాకైతే ఇదే సరైన మాట అనిపిస్తుంది, పుట్టినరోజు చూసుకుని సీటు తిప్పడం కంటే సీటు పక్కన అంటించిన స్టిక్కర్ చదువుకోవడం నయం.

అసలు ముఖ్యమైనది మీరు చివర్లో ఒక్క లైనులో తేల్చేశారు. ఆన్‌లో ఉన్న ఎయిర్‌బ్యాగ్ ముందు వెనక్కి తిప్పిన సీటు ఎప్పుడూ పెట్టకూడదు, బ్యాగ్ తెరుచుకుంటే సరిగ్గా బిడ్డ తల వెనక కొడుతుంది, ప్రాణం పోవచ్చు. బెల్టు భుజానికి సమానంగానో కాస్త కిందనో మొదలవ్వాలి, భుజం దగ్గర గిల్లి చూస్తే మడత దొరక్కూడదు. స్వెట్టరు మీంచి బెల్టు పెడితే టైటుగానే కనిపిస్తుంది, స్వెట్టరు తీసి మళ్ళీ పెట్టి చూడండి ఎంత లూజో.

వీలైతే వచ్చే ఆదివారం ఇంకో ఫొటో వేయండి, పాప మొహం వెనక అద్దం వైపు ఉన్నది. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో పాపే చూసుకుంటుంది.

- మీ పాఠకురాలు