గని మట్టిని జల్లెడ పట్టనివ్వండి

కేంద్ర బొగ్గు, గనుల శాఖల మంత్రి గారికి నమస్కారాలు.

గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో వస్తాన్ అనే లిగ్నైట్ (గోధుమ రంగు బొగ్గు) గని ఉంది. అక్కడి మట్టిలో దొరికిన నాలుగు పళ్లను బట్టి 2008లో మన శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి ఒక కొత్త జీవికి ఆంత్రాసిమియాస్ గుజరాతెన్సిస్ అని పేరు పెట్టారు. వయసు సుమారు 5.45 కోట్ల ఏళ్లు. బరువు 75 గ్రాములే ఉండేదని అంచనా. కోతులు, తోకలేని కోతులు, మనుషులు, అందరినీ కలిపి ఆంత్రోపాయిడ్లు అంటారు. ఆసియాలో ఆ వంశానికి ఇదే అతి పాత ఆనవాలని వాళ్లు ప్రకటించారు. చైనాలో దొరికిన పాత ఆంత్రోపాయిడ్ ఇయోసిమియాస్ కంటే ఇది దాదాపు కోటి ఏళ్లు పాతది!

మరుసటి ఏడాదే, అదే గనిలో పనిచేస్తున్న మరో బృందం ఒప్పుకోలేదు. ఆ పళ్లు అడాపాయిడ్లవని, అంటే లీమర్లు, మన దేవాంగపిల్లి ఉన్న కొమ్మ వైపువని వాదించింది. నాకు ఈ వాదనే బలంగా అనిపిస్తుంది. కానీ విషయం తేలాలంటే ఇంకా పళ్లు కావాలి, దవడలు కావాలి.

ఆ పళ్లు కంటికి ఆనవు. మట్టిని బస్తాలకెత్తి, నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన రవ్వను మైక్రోస్కోప్ కింద ఏరాలి. అంత ఓపిగ్గా ఏరబట్టే 2016 నాటికి అక్కడి ఆదిమ ప్రైమేట్ల (లీమర్లు, కోతులు, మనుషులు ఉన్న వర్గం) కాళ్లూ చేతుల ఎముకలు 25 దాకా బయటికొచ్చాయి. అదే మట్టిని యంత్రం డంపులో పోస్తే ఇక అంతే.

బొగ్గు తవ్వడం ఆపమని నేను అడగడం లేదు. అసలు తవ్వకపోతే ఆ పొర మన కంటపడేదే కాదు. లిగ్నైట్ గనుల మైనింగ్ ప్లాన్‌లో ఒక్క షరతు చేర్చండి: శిలాజాలున్న పొర తగిలితే జియలాజికల్ సర్వేకు కబురు పెట్టాలి, ఆ మట్టిని విడిగా పోయాలి, పరిశోధకులను లోపలికి రానివ్వాలి.

2022 డిసెంబరులో మీ గనుల శాఖ భూవారసత్వ స్థలాల బిల్లు ముసాయిదాను జనం ముందు పెట్టింది. అలాంటి చట్టం అవసరమే. అయితే అధికారమంతా జియలాజికల్ సర్వే చేతిలోనే పెట్టకండి. వస్తాన్‌లో మట్టి కడిగిన వాళ్లలో ఐఐటీ రూర్కీ, గఢ్వాల్ విశ్వవిద్యాలయం వాళ్లున్నారు. మన వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో డైనోసార్ల కాలపు బుల్లి క్షీరదం డెక్కనోలెస్టిస్‌ను 1988లో లోకానికి చూపించిందీ విశ్వవిద్యాలయాల వాళ్లే. వాళ్లు అనుమతి కోసం నెలల తరబడి తిరుగుతూ ఉంటే ఈలోగా ఆ పొర తవ్వకంలో పోతుంది. కాబట్టి ఆ అనుమతికి ఒక గడువు కూడా చట్టంలోనే రాయించండి.

ఇట్లు,
ఒక సైన్స్ టీచర్